వంతెన ఊపు

కొండెక్కబోయేవాళ్ళు ముందురోజు కాళ్ళు చాపుకుని విశ్రాంతి తీసుకుంటారట. నేను నిలబడి చింతపండు పులుసు ఉడికిస్తున్నాను. పులిహోర నాక్కాదు, తెల్లారాక నా సైకిల్ వెనకాల కారులో రాబోయే మా ఆయనకి. తొక్కేది నేను, ఆకలేసేది ఆయనకి. ఘాట్ రోడ్డులో బొంగులో చికెన్ తప్ప మనలాంటివాళ్ళు తినేదేదీ దొరకదని ఆయన భయం. ఎలాగూ కలుపుతున్నావు కాబట్టి నాకూ మధ్యాహ్నానికి కాస్త తీసిపెట్టమన్నారు మా అత్తగారు. ఆవిడకి తీసిపెడుతూ కొట్లో పనిచేసే త్రిమూర్తులుకి పెట్టకపోతే బాగుండదు. ఆ విధంగా నా పర్వతారోహణం కాస్తా పులిహోరారోహణంగా మొదలైంది.

మాది రామచంద్రపురం మెయిన్ రోడ్డులో కిరాణా కొట్టు. నా పేరు హారతి, ఆయన పేరు నాగేశ్వరప్రసాద్. మా శుభలేఖ చూసి మా మేనమామ, హారతి అయ్యాక ప్రసాదం, వరస కుదిరిందన్నాడు. పాతికేళ్ళ కాపురంలో నాకు అర్థమైన వరస వేరు. హారతి వెలుగుతూనే ఉండాలి, ప్రసాదం మాత్రం ముందు ఆయనకే పెట్టాలి. మంచి మనిషి. నన్ను పల్లెత్తు మాట అనడు. కాకపోతే పళ్ళెం కూడా ఎత్తడు. భోజనం చేసి ఆయన నడుం వాలిస్తే లేచేదాకా కొట్టు నాది. పొట్లాలు కడతాను, తూకాలు వేస్తాను, కందిపప్పులో రాళ్ళున్నాయని తగువుకొచ్చినవాళ్ళని నవ్వించి పంపుతాను. ఎవరైనా అడిగితే ఆయన ఎంతో ముద్దుగా చెబుతాడు, "మా ఆవిడకి పనేముందండి, మధ్యాహ్నం కాస్త కొట్లో కూర్చుంటుంది" అని. ఆయన పడుకుంటే అది విశ్రాంతి, నేను నిలబడి పనిచేస్తే అది కూర్చోవడం. మా ఇంటి వ్యాకరణమే అంత. ఆస్తులకి "మన", అంట్లకి "నీ". మన కొట్టు, మన ఇల్లు, మన పరువు. నీ వంట, నీ గిన్నెలు, నీ మోకాళ్ళ నొప్పులు.

ఆ సైకిల్ మా అమ్మాయి శ్రీదివ్యది. బెంగుళూరులో ఉద్యోగం రాగానే గేర్ల సైకిల్‌ని మెట్ల కింద ఉల్లిపాయల బస్తాలకి కాపలా పెట్టి వెళ్ళిపోయింది. ఒకరోజు బస్తా జరపబోతే హ్యాండిల్ నా కొంగు పట్టుకుంది. పాతికేళ్ళలో ఆ ఇంట్లో నా కొంగు పట్టుకుని, ఆకలనకుండా, తువ్వాలు ఏదీ అనకుండా ఊరుకున్నది అదొక్కటే. మర్నాడు పొద్దున్నే చుడీదారు వేసుకుని ద్రాక్షారామం దారి పట్టాను. భీమేశ్వరస్వామి దర్శనం అని చెప్పాను. అబద్ధమేం కాదు, రోజూ గోపురం కనబడగానే దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగేదాన్ని. ఈ వయసులో ఆడది సైకిల్ తొక్కితే చూసేవాళ్ళేమనుకుంటారని అత్తగారు కొన్నాళ్ళు గుమ్మంలో నిలబడి నా బదులు సిగ్గుపడ్డారు. తర్వాత, ఎలాగూ వెళ్తున్నావు కదా, వచ్చేటప్పుడు పూలు పట్రా అన్నారు. ఆపైన పాలు. ఆపైన కరివేపాకు. మా ఇంట్లో ఆడదాని సరదాకి అనుమతి దొరికే దారి అదొక్కటే, ఆ సరదాకి ఓ సంచీ తగిలించాలి.

రూతు పరిచయమైంది ద్రాక్షారామం టీ కొట్టు దగ్గర. రాజమండ్రిలో డ్రిల్ టీచరు. ఆదివారాలు పదిమందిని వెంటేసుకుని సైకిళ్ళ మీద ఊళ్ళు తిరుగుతుంది. నన్ను అక్కా అంది, గుంపులో చేర్చుకుంది, మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతున్నాం వస్తారా అని అడిగింది. నేను నోరు జారి వస్తానన్నాను. నోరు జారడం నాకు కొత్త కాదు గానీ, జారి కొండ మీద పడడం అదే మొదలు.

ఇంట్లో మాత్రం పెద్ద సభే జరిగింది. శ్రీదివ్య ఫోన్‌లోంచి, "మా హారతి కొండెక్కుతోందోచ్" అని అరిచింది. మా అత్తగారు చెవులు మూసుకున్నారు. దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని అర్థం, శుభమా అని వెళ్తుంటే ఆ మాటలేంటన్నారు. ఒక్కపూట ఆరితే నష్టం లేదు అత్తయ్యగారూ, మిగతావాళ్ళకి అగ్గిపెట్టె ఎక్కడుందో తెలుస్తుంది అన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది గానీ పంటి కిందే నొక్కేసుకున్నారు. చివరికి మా ఆయనే తీర్పు చెప్పాడు.

"ఒక్కసారి ముచ్చట తీర్చుకోనీ అమ్మా. మధ్యలో ఎక్కలేక కారెక్కిందనుకో, ఆ సైకిల్ త్రిమూర్తులుకి ఇచ్చేద్దాం. వీధుల్లోకి సరుకు వేసొస్తాడు."

నేను సరేనన్నాను. ఎక్కలేకపోతే సంగతి అది. ఎక్కేస్తే ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. బేరాల మీద బతికే ఇంట్లో పాతికేళ్ళు ఉండి, సగం బేరానికే తలూపేసి వచ్చి పులుసు కలుపుకున్నాను.

ఇక్కడ మా డెల్టా వాళ్ళ సంగతొకటి చెప్పాలి. మా నేల చాప పరిచినట్టు ఉంటుంది. మాకు ఎత్తంటే కాలవ వంతెనే. వంతెన కనబడగానే సైకిల్ మీదున్న ప్రతి మనిషీ, పాలవాడైనా పంతులుగారైనా, ఒకటే పని చేస్తాడు. దూరం నుంచే ఊపందుకుంటాడు, సీటు మీంచి లేచి నిలబడతాడు, పళ్ళు బిగబట్టి నాలుగు తొక్కులు తొక్కుతాడు. అంతే, నెత్తి మీదకొచ్చేస్తాడు. తర్వాత కాళ్ళు ఊరికే పెట్టుకుని అవతలికి జారిపోవడమే. చిన్నప్పుడు మా నాన్న సైకిల్ నేర్పుతూ చెప్పిందీ అదే, వంతెన దగ్గర ఆలోచించకూడదమ్మా, ఊపిరి బిగబట్టి దాటెయ్యాలి అని. గోదావరి జిల్లాలో పుట్టిన కాళ్ళకి కొండ గురించి తెలిసింది ఇంతే.

చీకటితోనే బయల్దేరి మా ఆయన నన్నూ సైకిల్‌నీ కారులో తెచ్చి ఘాట్ మొదట్లో దింపాడు. అక్కడ రూతు అందరికీ నెమ్మదిగా మొదలుపెట్టమని చెప్పింది. నేను విన్నాను. నా కాళ్ళు వినలేదు. ఎదురుగా ఎత్తు కనబడగానే అవి వంతెన అనుకున్నాయి. నిలబడి తొక్కాను, అందరినీ దాటేశాను. వెనక కారులోంచి మా ఆయన, "శభాష్ హారతీ" అని హారన్ కొట్టాడు. మొదటి మలుపు తిరిగితే దిగుడుంటుందని నా ధీమా. మలుపు తిరిగాను. ఎత్తే ఉంది. సరే, ఇది పెద్ద కాలవ కాబోలనుకున్నాను. రెండో మలుపు తిరిగాను. రోడ్డు ఏనుగు తొండంలా ఇంకా పైకి లేచి ఉంది. ఇంతలో కారు పక్కకొచ్చింది. ఆయన ఫోన్ కిటికీలోంచి బయటికి చాపాడు.

"అమ్మ. నీతోనే మాట్లాడాలిట."

"అమ్మాయ్, త్రిమూర్తులు పులిహోర ఏ గిన్నెలో పెట్టావు? చిన్న స్టీలు డబ్బాలో ఉన్నది నాదా వాడిదా?"

పెద్దది అతనిది, చిన్నది మీది అని చెప్పడానికి నా దగ్గర మిగిలిన ఊపిరంతా ఖర్చయిపోయింది. అటుపైన సిగ్నల్ పోయింది, నా కాళ్ళూ పోయాయి. కాలు కింద మోపి, సైకిల్ రోడ్డు పక్క పిట్టగోడకి ఆనించి, ఆ గోడ మీద కూలబడ్డాను. నేను దాటేసిన వాళ్ళందరూ మాట్లాడుకుంటూ, తీరిగ్గా, నత్తల్లా నన్ను దాటి వెళ్ళారు. రూతు మాత్రం ఆగింది. "అక్కా, తేలిక గేరు వేసుకోండి. ఇక్కడ ఊపు పనికిరాదు" అని, నీళ్ళ సీసా చేతిలో పెట్టి వెళ్ళింది.

మా ఆయన కారు దిగి గబగబా వచ్చాడు. తువ్వాలు తెచ్చాడు, నా ముఖం తనే తుడిచాడు. నాకేమన్నా అయిపోతుందని నిజంగానే భయపడ్డాడు. కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. లోపలినుంచి ఏసీ చల్లగాలి, నా పులిహోర ఘుమఘుమ కలిసి వచ్చి ముక్కుకి తగిలాయి. "చాల్లేవోయ్. ఇంతవరకు వచ్చావు, అదే గొప్ప. ఎవరేమంటారు? ఎక్కు" అన్నాడు. అంత ప్రేమగా పిలిస్తే కాదనడం కష్టం. తిట్టే మొగుడైతే ఎదురు తిరిగి కొండ రెండుసార్లు ఎక్కెయ్యొచ్చు. తలుపు తెరిచి పట్టుకున్న మొగుడితోనే చిక్కు.

పిట్టగోడ మీద కూర్చుని నేను కొండని చూడలేదు, నన్ను చూసుకున్నాను. ఈ ఊపు నాకు కొత్తది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో మరిది చదువు, అదొక్కటి దాటించెయ్ హారతీ, తర్వాత అంతా సుఖమే అన్నారు. ఊపిరి బిగబట్టి దాటించాను. తర్వాత మామగారికి పక్షవాతం వచ్చింది, ఆయనకి పక్క దులిపి గుడ్డలు మార్చిన నాలుగేళ్ళూ కూడా, ఇదొక్కటి దాటితే అనుకుంటూనే. తర్వాత పిల్ల పదో తరగతి, కొట్టు మరమ్మతు, ఆడపడుచు పురుళ్ళు. ప్రతిదీ వంతెనే అనుకుని లేచి నిలబడి తొక్కాను, అవతల దిగుడుంటుందని. నా బతుకులో ఉన్నది వంతెనలు కావు, ఇది ఘాట్ రోడ్డు అని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఊపిరి కొంచెం దాచుకునేదాన్ని.

ఇంక ఆ తేలిక గేరు. అది సైకిల్‌కి ఉందని నాకు తెలుసు. ఎప్పుడూ వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదంటే, అది వేస్తే మోసం చేసినట్టు ఉంటుంది. మా ఇంటికి మిక్సీ వచ్చినప్పుడు రోటి రుచి రాదన్నారు. వాషింగ్ మిషను వచ్చినప్పుడు, ఇంకేం, మహారాణి అన్నారు. ఆడదానికి పని తేలికైతే అందులో ఏదో లోపం ఉన్నట్టే లెక్క. ఆ మాటలు విని విని నా బొటనవేలు కూడా గేరు మీటని తాకడానికి సిగ్గుపడింది. దానికి ధైర్యం చెప్పాను. టక్కుమంది. అన్నిటికన్నా తేలికైన గేరు.

"నేను ఎక్కనండి" అన్నాను.

"కారా, కొండా?"

"కారు."

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి కాళ్ళు గిర్రున తిరుగుతున్నాయి, సైకిల్ మాత్రం కదిలీ కదలనట్టు కదులుతోంది. నా పక్కనే ఒక సీతాకోకచిలుక నన్ను దాటి, జాలిపడి వెనక్కొచ్చింది. మా ఆయనకి చూడబుద్ధి కాలేదు. కారు పక్కన ఆపేసి, హవాయి చెప్పుల్తో పరుగెత్తుకొచ్చి, నా వీపు మీద చెయ్యి వేసి నాతోపాటు నడవడం మొదలుపెట్టాడు. నేను తొక్కే వేగం ఆయన నడకకి సరిగ్గా సరిపోయింది. చిన్నపిల్లకి సైకిల్ నేర్పుతున్నట్టు తోస్తున్నాడు, రొప్పుతున్నాడు, పంచె ఓ చేత్తో ఎగ్గట్టుకున్నాడు. పైనుంచి దిగుతున్న లారీ డ్రైవరు మమ్మల్ని చూసి నవ్వుతూ దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆ చెయ్యి నాకు తెలుసు. పాతికేళ్ళుగా నా వీపు మీద ఉన్నదే. జనంలో దారి తప్పకుండా పట్టుకున్న చెయ్యి, పురిటి నొప్పుల్లో పట్టుకున్న చెయ్యి, ఎక్కడికన్నా ఒంటరిగా వెళ్తానంటే మెత్తగా వెనక్కి లాగిన చెయ్యీ అదే. అన్నీ ఒకే చేత్తో చేస్తే దేన్ని ముద్దు పెట్టుకోవాలో దేన్ని విదిలించుకోవాలో ఆడది ఎలా తేల్చుకుంటుంది? కానీ ఇప్పుడు తేలింది. ఆయన తోస్తున్నంతసేపూ నా కాళ్ళకి బరువు తెలియడం లేదు.

"చెయ్యి తియ్యండి" అన్నాను.

"పడతావేమోనని."

"పడితే లేస్తాను."

"పట్టుకుంటే నీకే తేలిక కదే?"

"మీరు పట్టుకుంటే, పైకెళ్ళాక ఎక్కింది నేనో మీరో నాకు తెలీదండి."

రెండడుగులు అలాగే నడిచాడు. తర్వాత ఆ చెయ్యి తీశాడు. తీసిన చోట వీపు మీద చెమట చల్లగా తగిలింది. వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే సైకిల్ వంకరపోతుంది, మనసు అంతకన్నా వంకరపోతుంది. ఆయన చెప్పులు కింద ఆగిన కారు వైపు వెళ్తున్న చప్పుడు మాత్రం వినబడింది. కాసేపటికి కారు నన్ను దాటింది. ఆగలేదు, హారన్ కొట్టలేదు. ఆయన మెడ మాత్రం వెనక్కి తిరిగి ఉంది. ముందు రోడ్డు చూడండి అని అరిచాను.

ఇక ఆ దారిలో నేనొక్కదాన్నే. వెదురు పొదల్లో ఏదో పిట్ట ఒకే మాట పదే పదే అడుగుతోంది, అదృష్టం కొద్దీ నన్ను కాదు. నన్ను ఎవరూ ఏదీ అడగని చోట ఇంతసేపు ఉండడం నాకు గుర్తున్నంతలో ఎప్పుడూ లేదు. స్నానాల గదిలో ఉన్నా తలుపు కొట్టి పంచదార అడిగే ఇల్లు మాది. మొదట్లో ఏం ఆలోచించాలో తోచలేదు. అలవాటు చొప్పున రాత్రి కూరేంటనుకున్నాను. వంకాయ అని జవాబొచ్చింది. దాని తర్వాత ఇంకేమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఎంత బాగుందంటే, మెల్లిగా తొక్కుతూ అందులోనే ఉండిపోయాను. తొడలు మండుతున్నాయి, గుండె డప్పు కొడుతోంది, ముక్కు కారుతోంది, అందంగా ఉన్నానని ఎవరూ అనరు. కానీ ఆ మంట నాది, దాన్ని ఎవరికీ వడ్డించక్కర్లేదు. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఆగితే ఓడిపోయినట్టు కాదని కూడా ఆ కొండ దగ్గరే నేర్చుకున్నాను. ఊపిరి వచ్చాక మళ్ళీ ఎక్కాను. ఆకాశం పెద్దదవుతూ వచ్చింది. ఓ మలుపు తిరగ్గానే తొక్కడం ఉన్నట్టుండి తేలికైపోయింది. గేరు చూసుకున్నాను, అదే గేరు. రోడ్డే చదునైంది. పైకి వచ్చేశాను.

రూతు వాళ్ళు చప్పట్లు కొట్టారు. అందరిలోకీ ఆఖరిదాన్ని నేనే. మా ఆయన అప్పటికే చుట్టూ ఉన్నవాళ్ళందరికీ, అక్కడ ఫొటోలు దిగుతున్న విశాఖపట్నం వాళ్ళకి కూడా, ఆ వచ్చేది మా ఆవిడేనండి అని చెప్పేసి ఉన్నాడు. విస్తరి వేసి పులిహోర పెట్టి, తను తినకుండా నాకోసం కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దుమ్మన్నాడు. నేను నిలబడే తిన్నాను. ఉప్పు తక్కువైంది. నా వంటకి నేనే వంక పెట్టే భాగ్యం ఎప్పుడొచ్చింది కనక, రూతుకి ఆ మాటా చెప్పాను, ఇద్దరం నవ్వుకున్నాం. రూతు వచ్చే నెల సంగతేదో చెప్పింది. సరేనన్నాను. ఈసారి నోరు జారలేదు.

చెయ్యి కడుక్కుని తిరిగి వచ్చేసరికి మా ఆయన కారు డిక్కీ తెరిచి నా సైకిల్ ఎత్తుతున్నాడు. లోపల తాడు ఉంది. దాని పక్కన కొత్త ఇనప బుట్ట, కాగితం కూడా విప్పనిది, సైకిల్ ముందు తగిలించేది.

"ఇదేంటండి?"

"త్రిమూర్తులుకి. సరుకు పెట్టుకోవడానికి వీలుగా ఉంటుందని నిన్ననే తెచ్చాను" అన్నాడు, ఎంతో సంతోషంగా. "కొండెక్కేశావు. ముచ్చట తీరిపోయింది. ఇంకెందుకే నీకీ శ్రమ?"

అప్పుడు తెలిసింది మిగిలిన సగం బేరం. ఎక్కలేకపోతే మానెయ్యాలి. ఎక్కేస్తే ముచ్చట తీరింది కాబట్టి మానెయ్యాలి. తూకం ఎలా వేసినా ముల్లు ఒకవైపే వాలే తక్కెడ ఇది. దీన్ని తయారుచేసినవాడి ముఖంలో మోసం మచ్చుకైనా లేదు. బుట్ట చేత్తో పట్టుకుని, నేనేదో మెచ్చుకుంటానని చూస్తున్నాడు. కోపం రాలేదు. ఇంత మంచివాడికి కూడా ఇది తట్టలేదే అని దిగులేసింది. ఆ దిగులు కూడా ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే నా తొడలు ఇంకా వెచ్చగా ఉన్నాయి, అవి ఆయన మాట నమ్మడం లేదు.

సైకిల్ డిక్కీలోంచి దించుకున్నాను. హెల్మెట్ పట్టీ బిగించుకున్నాను.

"అదేంటి, దిగేటప్పుడు కూడానా?" అన్నాడు.

"దిగేటప్పుడే కదండీ గాలేసేది. త్రిమూర్తులుకి వేరే సైకిల్ కొనండి, ఆ బుట్ట దానికి సరిపోతుంది. నేను వచ్చే నెల లంబసింగికి పేరిచ్చేశాను. ముందురోజు వెళ్ళి రాత్రికి అక్కడే ఉండాలి."

ఆయన బుట్టని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. లోయలోకి చూశాడు, నా టైర్లు చూశాడు, వంగి ముందు టైరు వేలితో నొక్కి చూశాడు. గాలి సరిపోయినట్టుంది, తలూపాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"లంబసింగికి కారు దారి బాగానే ఉంటుందా?"

"మీరు కూడా వస్తే కొట్టెవరు చూస్తారండీ?" అని, బ్రేకు వదిలేశాను.